ద్రాక్షతోటల ఓటు బడి

"అవ్వా, నువ్వు మొదటిసారి ఓటేసినప్పుడు ఎట్లుండె? రేపు నేను గూడ ఏస్తున్న గద. జర చెప్పు, ఫోన్ల రికార్డు చేస్కుంట."

చెప్త బిడ్డా సిరీ, గని ముందుగాల్నే ఒక్క మాట. ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు, నేను కూసున్న గీ మంచం మీద ఒట్టు, నీ కాబోయే మొగని మీద ఒట్టు, ఇగ నేను చెప్పేదాంట్ల ఒక్క అక్షరం అబద్దం ఉండది. మల్లవ్వ గోరంతను కొండంత చేస్తదని వాడల ఎవలన్న అంటె నమ్మకు. కొండలే గీ నడుమ తక్కువైనయ్, అన్ని క్రషర్లోళ్లు పిండి చేసిన్రు. నేనేడికెల్లి తెస్త?

మొదటి ఓటంటె ఏది చెప్పాలె? నాకు రెండు మొదటి ఓట్లున్నయ్. ఒకటి నా ఏలు ఏసింది, ఒకటి నేనేసిన. నవ్వకు, నిజంగనే అట్ల.

నేను గీ ఊరికి కోడలై వచ్చిన కొత్తల. అప్పుడు గిప్పటి లెక్క కాలనీలు, మూడంతస్తుల ఇండ్లు ఏడున్నయ్. మేడ్చల్ పోవాలంటె పొద్దున బండి కడ్తె ఎండ నెత్తికెక్కినంక చేరేది. శామీర్‌పేట చెరువు అలుగు దుంకితె ఆ సప్పుడు మా ఇంట్ల పొయ్యి కాడికి ఇనబడేది. ఆ చెరువుల చేపలు మీ తాతంత పొడుగుండేటియి. మీ తాత పొట్టోడే అనుకో, అయినా చేపకు ఎక్కువే గద. అగో, ఏం చెప్తున్న? ఆఁ, ఓటు. పెద్ద ఎలచ్చన్లు వచ్చినయ్. మా అత్త నాకు పెండ్లిచీర కట్టిచ్చి, తలల పూలు పెట్టి, బండిల కూసోబెట్టింది. నేనైతె తల్లిగారింటికి తోలిస్తున్నరేమో అనుకొని మస్తు సంబురపడ్డ. తీస్కపోయి బడి ముందట దించిన్రు. లైన్ల నిలబడ్డ. ఒకాయన ఏలుకు నల్ల సిరా పెట్టిండు. ఇంకొకాయన కాయితం ఇచ్చిండు. అది పట్టుకొని ఏ దిక్కు పోవాల్నో అని సూస్తున్న, పటేల్ మనిషి ఒకడు నా చేతులకెల్లి గుంజుకొని "నీది అయిపోయింది, పోవే పిల్లా" అన్నడు. బయట గంపల పేలాలు, బెల్లం. దోసిలి నిండ పోసిన్రు. ఓహో, ఓటంటె గిదేనా, ఏలుకు రంగు పెట్టిచ్చుకొని పేలాలు తినుడు అనుకున్న. "అత్తా, గిది ఏటా పెడ్తె మంచిగుండు" అన్న. మా అత్త గూడ "అవునే" అన్నది. ఆమెకు మాత్రం ఏమెరుక?

గట్ల ఎన్ని ఎలచ్చన్లు పోయినయో. సిరా మాది, ముద్ర గుద్దుడు వాళ్లది. ముద్ర గుద్దే కాడుండే పర్దా ఎన్క ఏమున్నదో మా వాడ ఆడోళ్లు ఒక్కరు సూడలే. గుడిల దేవుని అర్ర లెక్క, అండ్లకు పూజారి ఒక్కడే పోవాలె గావచ్చు అనుకున్నం.

పటేల్ ఎవలంటవా? ఊరి పెద్ద. సర్పంచ్ ఆయనే. అంతకుముందు వాళ్ల నాయిన, ఆ ముందు వాళ్ల తాత. మనిషి చెడ్డోడు కాదు సూడు, పెండ్లయితె బియ్యం పంపేటోడు, సావైతె కట్టెలు పంపేటోడు. గని ఊరు మొత్తం తన జేబులున్నదని ఆయన సోయి. వాళ్లింటి మీద జెండ కట్టె ఒకటి ఉండె. కట్టె ఎన్నడు మారకపోయేది, బట్ట మారేది. మొదలు ఢిల్లీ పార్టీ జెండ. తర్వాత హైదరాబాద్‌ల కొత్త పార్టీ పుట్టి, కిలో బియ్యం రెండ్రూపాలకే ఇస్తమని ఊరూరికి వచ్చె. ఆ ఓట్లు లెక్కపెట్టుడు గాకముందే ఆ జెండ ఎక్కె. మల్ల పాత పార్టీ గెలిచె, మల్ల పాత బట్ట. మేడ్చల్‌ల యూసుఫ్ దర్జీ ఆ జెండలు కుట్టి కుట్టి స్లాబు ఇల్లు కట్టిండు. తెలంగాణ వచ్చినంక పటేల్ కొడుకు ఇంకో రంగు ఎక్కిచ్చిండు, మొన్న మొన్న మల్ల మార్చిండు. పార్టీల పేర్లు నన్ను అడుగకు, నువ్వు ఫోన్ల ఎక్కిస్తున్నవ్. సర్కారు మారిందని మాకు రేడియో చెప్పకపోయేది బిడ్డా, పటేలింటి మీద బట్ట చెప్పేది.

గప్పుడు మన సుట్టు అన్ని ద్రాక్షతోటలే. నీకెరుక లేదు. పటేల్ తోటల ఒక్కొక్క గుత్తి ఏడాది పిల్లగానంత ఉండేది, సంకల ఎత్తుకొని దించేటోళ్లం. రోజుకు అయిదు రూపాల కైకిలి. తక్కువ అనుకోకు, ఆ అయిదు రూపాలల్ల ఉప్పు పప్పు తెచ్చుకున్నంక మీ తాత కల్లుకు గూడ ఎల్లేది. ఆడ కైకిలోళ్ల మీద మేస్త్రిని నేను. నేను లే అంటె లేస్తరు, కూసో అంటె కూసుంటరు. పొద్దంత కత్తెర చేతుల పట్టుకొని కాయ కోసుడే పని.

ఇగ అసలు సంగతి ఇను. సర్కారు ఊరికి ఒక బోరు ఇచ్చింది. పటేల్ ఏడ ఏపిచ్చిండు? వాడల అనుకుంటివా? తోట గెట్టు మీద. "ఊరి బోరే గద, వచ్చి పట్టుకోర్రి" అన్నడు. మోటరు పెడ్తె ముందుగాల ద్రాక్షకు పారాలె. ద్రాక్ష దూప తీరినంక మా బిందెలు. మీ మేనత్త సుగుణ అప్పుడు అయిదో తరగతి. నేను పనికి పోతె బిందె పట్టుకొని లైన్ల నిలబడేది అదే. అటు బడి గంట కొట్టేది, ఇది ఇటు లైన్లనే. ఒకనాడు సారు ఇంటికొచ్చి, "మల్లవ్వా, పిల్ల సగం దినాలు రాదు. గిట్లయితె పేరు తీసేస్త" అన్నడు.

నా గుండెల రాయి పడ్డది. నాకు సదువు రాదు, మా అవ్వకు రాదు, మా అవ్వ అవ్వకు రాదు. దానికన్న రావాలని నా పానం. పటేల్ కాడికి పోయి మొక్కిన. "పటేలా, పైపు ఏసి మా వాడల ఒక ట్యాంకి కట్టియ్యి, నీ బాంచెన్" అన్న. "కాయ దిగినంక సూద్దాం తీయ్" అన్నడు. కాయ దిగింది. మల్ల కాసింది. మల్ల దిగింది. సుగుణ లైన్లనే ఉన్నది.

గంతల ఎమ్మెల్యే ఎలచ్చన్లు వచ్చినయ్. ఈసారి వచ్చిన ఆఫీసర్ మనిషి కాదు, నిప్పు. "ఎవల ఓటు వాళ్లే గుద్దాలె. కండ్లు కనబడనోళ్లకు మాత్రం ఒకరు తోడు పోవచ్చు" అన్నడు. పటేల్ మనుషులు ఏం చేసిన్రో తెల్సా? మా వాడ ఆడోళ్లెవలకు కండ్లు కనబడయ్ అని చెప్పిన్రు. అందరికి, ఒక్కరోజుల. మేం మాత్రం ఏం జేస్తం, కండ్లు మూస్కున్నం. నేనైతె తడుముకుంట తడుముకుంట పోయి ఆఫీసర్ మీసం పట్టుకున్న.

"ఏమ్మా, నువ్వేం పని చేస్తవ్?" అన్నడు.

"నాట్లేస్త, ద్రాక్ష కోస్త సారూ."

"కండ్లు లేకుండ ఎట్ల కోస్తవ్?"

"వాసన పట్టి కోస్త సారూ."

ఆయన నవ్వలే. తోడొచ్చినోళ్లందర్ని గేటు బయటికి ఎల్లగొట్టిండు. మా చేతుల కాయితాలు పెట్టి "పోర్రి" అన్నడు. ఏడ గుద్దాల్నో ఎవలకెరుక? ఒకామె ముద్ర తన అరచేతిల కొట్టుకొచ్చింది. ఇంకొకామె కడపకు బొట్లు పెట్టినట్టు కాయితం నాలుగు దిక్కుల పెట్టింది. నేను ఎవలకు బాధ గావొద్దని అన్ని గుర్తుల మీద ఒక్కొక్కటి గుద్దిన. అది ఓటు లెక్కల రాదు, అందుకే నా మొదటి ఓట్లల్ల దాన్ని కలపలే. ఊరి ఓట్లు సగం ఖరాబ్. పార్టీ లీడరు జీపేసుకొచ్చి ఊరి నడుమ పటేల్‌ని తిట్టిన తిట్లు ఇప్పటికి గాలిల తిరుగుతున్నయ్.

అటెంక సర్పంచ్ ఎలచ్చన్లు. మన ఊరి సీటు ఆడోళ్లకు వచ్చింది. పటేల్‌కు ఫికర్ లేదు, పెండ్లాన్ని నిలబెట్టిండు. అనసూయమ్మ పాపం మంచిది, నోట్లె నాలిక లేనిది. సర్పంచ్ ఓట్లకు పార్టీ గుర్తులుండయ్ గద, ఆమెకు ఉంగరం వచ్చింది. ఎదురు ఎవలు నిలబడొద్దు, ఒక్కమాట మీద పోదాం అన్నరు పెద్దలు.

గప్పుడు లేసింది షరీఫాబీ. మీ షరీఫవ్వనే, ఇంకెవలు. నాట్లల్ల నా పక్క సాలు ఆమెది. వాళ్లాయనకు శామీర్‌పేటల సైకిల్ పంచర్ల దుకాణం, పటేల్ తోట మీద బతికేటోళ్లు కాదు. మా సంగతి అట్ల కాదు, మీ తాత పటేల్ ట్రాక్టర్ నడిపేటోడు. నేను నిలబడ్తె మా పొయ్యి ఆరిపోవు. "అక్కా, నువ్వు కైకు పరేషాన్ అయితవ్. నేను నిలబడ్త. గెలిస్తె ట్యాంకి, ఓడితె తమాషా" అన్నది. ఆమెకు కత్తెర గుర్తు ఇచ్చిన్రు. పటేల్ ఒకటే నవ్వుడు. "దానికి మూడోట్లు. దానిది, దాని మొగనిది, దాని బర్రెది" అన్నడు. ఆ మాట బర్రెకు గూడ తెలిసినట్టుంది, పటేలింటికి పోసే పాలు మరునాడే తగ్గిచ్చింది.

పటేల్‌కు రంది ఒక్కటే. ఆడోళ్లు మల్ల ఓట్లు ఖరాబ్ చేస్తరని. లీడరు తిట్టిన తిట్లు ఇంక చెవులల్ల ఉన్నయ్ గద. ఇగ ఓటు బడి పెట్టిండు. ఏడంటె ద్రాక్షతోట షెడ్డుల, మేం కాయను డబ్బాలకు ఎత్తేకాడ. డబ్బాల మీద తోట పేరు కొట్టే రబ్బరు ముద్ర ఉండె, సిరా డబ్బి ఉండె. పాత పేపర్ల మీద బొగ్గుతోని ఉంగరం, కత్తెర గీపిచ్చిండు. "మల్లవ్వా, నువ్వు మేస్త్రివి, నీ మాటైతె ఇంటరు. ఒక్కొక్కదానికి నేర్పియ్యి. ఒక్క ఓటు గూడ ఖరాబ్ గావొద్దు" అన్నడు. పని ఇడిచి నేర్చుకుంటె కైకిలి పోతది గదా పటేలా అన్న. కైకిలి గూడ ఇస్త అన్నడు. కూసోబెట్టి కైకిలిచ్చి సదువు చెప్పిన బడి దునియాల ఇంకేడ లేదు బిడ్డా, మీ ఇంజనీరింగ్ కాలేజీలోళ్లను అడుగు.

మొదటి దినం ముసలి పెంటవ్వ ముద్ర పట్టుకున్నది.

"పటేలా, నేను సూపు ఆనక ఏడనో గుద్దితె నీకు కోపమొస్తది. నాకు బయమైతాంది" అన్నది.

పటేల్‌కు ఇసుగొచ్చింది. "ఓ ముసల్దానా, నాకెట్ల తెలుస్తదే? పర్దా ఎన్క నువ్వొక్కదానివే ఉంటవ్. నువ్వు ఏడ గుద్దింది ఆఫీసర్‌కు కనబడది, పోలీసోనికి కనబడది, నాకు గూడ కనబడది. మలిచి డబ్బల ఏసినంక అది ఎవల కాయితమో దేవునికి గూడ తెల్వది. దైర్నంగ గుద్దు."

కాయ ఎత్తేటోళ్లు చేతులల్ల డబ్బాలు కింద పెట్టిన్రు. ద్రాక్ష మీద కందిరీగలు గూడ రెక్కలు ఆపుకొని ఇన్నయ్. పెంటవ్వ నా మొకం సూసింది, నేను పెంటవ్వ మొకం సూసిన.

"పటేలా, జర ఇంకోపారి చెప్పు" అన్నది పెంటవ్వ.

ఇంకోపారి చెప్పిండు, ఇంకింత గట్టిగ. ఎన్కకెల్లి ఒకామె "మాకు ఇనబడలే పటేలా" అన్నది. మల్ల చెప్పిండు. పాపం, గొంతు పోయేదాక చెప్పిండు.

ఇన్నేండ్లు మేం ఏమనుకున్నం? ఏడ గుద్దినా పటేల్‌కు ఎరుకైతది, ఎరుకైతె తోటల పని పోతది అనుకున్నం. మా అత్త గదే అనుకుంట సచ్చిపోయింది. గా బయాన్ని మా గుండెలల్లకెల్లి ఆయనే పీకి అవతల పారేసిండు, అది గూడ కైకిలిచ్చి.

ఇగ సూడు నేను నేర్పిన తీరు. "ఇగో గిది ఉంగరం, గిది కత్తెర. రెండు మంచిగ గుర్తుపట్టుర్రి. ఒకటి తప్పొద్దంటె రెండోది గూడ తెల్వాలె గద పటేలా" అన్న. "ఆఁ, కరెక్టే" అన్నడు. ఎవలకెయ్యాల్నో నేను ఒక్క మాట అనలే. ఎల్లమ్మ మీద ఒట్టు, ఒక్క మాట అనలే. అననీకి అవసరమేమున్నది? గుద్దుడు, సిరా ఆరేదాక ఊదుడు, అవతల అంటకుండ మలుసుడు, అన్ని నేర్పిన. మావి బొట్లు పెట్టే చేతులు గదా, బడి అయిపోయేటాళ్లకు ఈగ నొసట గుద్దుమన్నా గుద్దేటట్టు తయారైన్రు.

మీ తాత ఊకోలే. "మల్లీ, నీ మొకంల ఏదో తేడ కొడ్తాంది" అన్నడు.

"నేనేం జేసిన? నీ పటేల్ చెప్పిన పనే చేస్తున్న."

"నాకు గదే బయం" అన్నడు.

నాకు మాత్రం లేదంటవా? ఉండె బిడ్డా. అన్నం ఉడుకుతుంటె సుగుణను సూస్కుంట కూసునేదాన్ని. ఓడితె పిల్ల బిందె కాడనే పెద్దమనిషి అయితది. ఎవలన్న నోరు జారితె నా మేస్త్రిగిరి పాయె, మీ తాత ట్రాక్టర్ పాయె. అయినా పొద్దుగాల లేసి నవ్వుకుంట నేర్పుతనే ఉన్న.

ఓటు దినం వచ్చింది. ఎమ్మెల్యే ఓట్లప్పుడు గాబరల పర్దాను సక్కగ సూడనే లే, ఈసారి సూస్తె బల్ల మీద మూడు దిక్కుల అట్ట. గంతే. అండ్ల నేను. అత్త లేదు, మొగడు లేడు, పటేల్ లేడు. పుట్టినకాడికెల్లి నేను ఒక్కదాన్నే ఉన్న జాగ అదే గావచ్చు. మంచిగనిపిచ్చింది. ఆరాంగ నిలబడ్డ. ఎన్కకెల్లి ఒకామె "ఏందే, అండ్లనే కాపురం పెడ్తవా" అని ఒర్రింది. ముద్ర ఎత్తి గుద్దిన సూడు, బల్ల ఊగింది, బడి ఊగింది, శామీర్‌పేట చెరువుల చేపలు ఒడ్డున పడ్డయ్. గది బిడ్డా, నేనేసిన మొదటి ఓటు.

సర్పంచ్ ఓట్లు ఆనాడే లెక్కపెడ్తరు. పటేల్ ముందుగాల్నే డప్పులోళ్లను పిలిపిచ్చిండు, జీపుకు పూలు కట్టిచ్చిండు. షరీఫాబీ ఏడున్నదంటె, బర్రెను పిండే యాళ్లయిందని ఇంటికి పోయింది. బడి సారు కిటికి కాడికొచ్చి "కత్తెర గెలిచింది" అన్నడు. డప్పులోళ్లకు ఏ గుర్తయితె ఏంది, గెలిచింది అంటె కొట్టుడే వాళ్ల పని. కొట్టిన్రు సూడు, అటు మేడ్చల్ స్టేషన్ల ఆగిన రైలు బయపడి కదిలింది. ఆ డప్పులతోనే షరీఫాబీ ఇంటికి పోయినం. పాల చెంబు పట్టుకొనే బయటికొచ్చింది. పటేలమ్మకని తెచ్చిన పూలదండ ఆమె మెడల పడ్డది.

పటేల్ నన్ను పిలిచిండు. మొకం కందగడ్డ.

"ఏందే మల్లవ్వా, నేర్పలేదా నువ్వు?"

"నేర్పిన పటేలా. మంచిగ నేర్పిన. ఆఫీసర్‌ను అడుగు, ఒక్క ఓటన్న ఖరాబ్ అయిందా?"

కాలే. మా వాడది ఒక్కటి కాలే. ఆయన జీపుకు కట్టిన పూలు తెంపుకుంట ఎల్లిపోయిండు.

మరునాడు పనికి పోయినం. పటేల్ షెడ్డు ముందట కుర్సీ ఏస్కొని కూసున్నడు. ఒక్కొక్కదాని మొకం సూస్తున్నడు. ఒక్కొక్కతి పోయి చెప్తాంది, "నేను ఉంగరానికే ఏసిన పటేలా" అని. పెంటవ్వ అయితె కొంగుతోని కండ్లు ఒత్తుకుంటాంది, "పటేలమ్మకు గాక ఇంకెవలకేస్త పటేలా" అని. నేను గూడ చెప్పిన. వాడకు వాడ ఉంగరానికే ఏసింది, ఉంగరమే ఓడిపోయింది. ఇగ ఎవల్ని తీసేస్తడు? తీస్తె అందర్ని తియ్యాలె. పైన సూస్తె కాయ పండి తియ్యగయింది, ఇడిస్తె నేల పాలైతది. కుర్సీ ఎన్కకు నూకిండు. లేసి, "పోర్రి, కత్తెర్లు తీస్కోర్రి" అన్నడు. గా మాటకు నవ్వు ఆపుకోలేక ఆడోళ్లమంత ద్రాక్ష గుత్తులల్ల తలకాయలు దాచుకున్నం.

షరీఫాబీ మాట మీద నిలబడ్డది. మండలాఫీసు గడప అరిగేదాక తిరిగి, పైపు ఏపిచ్చి, మా వాడల ట్యాంకి కట్టిచ్చింది. నల్లా ఇప్పిన దినం ఊరందరొచ్చిన్రు. కొబ్బరికాయ కొట్టింది ఎవలో తెల్సా? పటేలమ్మ. షరీఫాబీయే చెయ్యి పట్టి తీస్కొచ్చింది. కొబ్బరి చిప్ప నా చేతుల పెట్టుకుంట, "మల్లవ్వా, నువ్వు మంచిగ నేర్పినవే" అని సన్నగ నవ్వింది. ఆమెకు గూడ షెడ్డుల నేనే నేర్పిన మల్ల. ఆమె ఏడ గుద్దిందో నేను అడుగలే. సుగుణ బిందె నింపి ఇంట్ల పెట్టి, బడి గంట కొట్టకముందే పోయి బడిల కూసున్నది. సారు తన గడియారం ఆగిందనుకొని చెవి కాడ పెట్టుకొని సూసిండట. గిప్పుడు నాగారంల అంగన్‌వాడి టీచర్ గదా అది, నన్నే బెదిరిస్తది.

అటెంక ఎన్ని పార్టీలు వచ్చినయ్, ఎన్ని పోయినయ్. రాష్ట్రం వచ్చింది. ఊరు మున్సిపాలిటీల కలిసింది. తోట జాగల విల్లాలు లేసినయ్, గేటు మీద మాత్రం ద్రాక్షగుత్తి బొమ్మ పెట్టిన్రు. గాలి ఇటు మల్లితె జవహర్‌నగర్ చెత్త వాసన విల్లాలోళ్లకు, మాకు సమానంగ వస్తది, అండ్ల తేడ లేదు. గుద్దుడు పోయి మీట ఒత్తుడొచ్చింది, కుయ్యిమంటది. అయినా సూడు, ఎంత పెద్ద కారుల వచ్చినోడైనా మా వాడల దిగి, వంగి, "అవ్వా, మంచిగున్నవా" అని నా కాళ్లు మొక్కాల్సిందే. ఎందుకంటవ్? ఎవలకేస్తనో వానికి ఎరుక లేదు గనక. ఎరుకైతె ఎవడు వంగుతడు బిడ్డా?

నువ్వు రేపు ఎవలకేస్తవో నేను అడుగ. నువ్వు నన్ను అడుగకు. మీ నాయిన అడిగితె నవ్వి ఊకో. ఆ అట్ట ఎన్క నిలబడ్డప్పుడు ఎన్క ఎంత మంది ఒర్రినా గాబరపడకు, నీ జాగ అది. నీ కడుపు సల్లగుండ, నూరేండ్లు ఏస్తనే ఉండు.

ఇగ ఆ ఫోన్ బంద్ చేసి షరీఫవ్వ ఇంటికి ఉరుకు. రేపు పొద్దుగాల ఏడింటికే తయారుండమను, మేమిద్దరం లైన్ల ముందుండాలె. మోకాళ్లు నొస్తున్నయని నకరాలు పడ్తె అవ్వ ఆటో మాట్లాడిందని చెప్పు. ఎవలకేస్తున్నవని మాత్రం అడుగకు. ఆనాటి ఒక్క ఓటు తప్ప ఆమె ఏ ఓటు ఎవలకేసిందో ఇన్నేండ్ల సంది నాకే తెల్వది, నాది ఆమెకు తెల్వది. గట్ల ఉన్నం గనకనే గింత దోస్తాన. మల్ల, వచ్చేటప్పుడు నా స్టీలు గిన్నె అడిగి తీస్కరా, మామిడికాయ తొక్కు పెట్టి పంపిన, రంజాన్ ముందట. ఓటు సంగతి దాచుకోమను, గిన్నె దాచుకునుడు ఏందని అవ్వ అడిగిందని చెప్పు. పో, జల్దీ పో.